గైతోండే బొమ్మలు ఎలా పుట్టేవి? స్ఫురణ అంటే తోచింది పూసేయడమేనా?

తూర్పుకిటికీ (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. కొన్నేళ్ళుగా అక్రిలిక్ రంగులతో నైరూప్య చిత్రాలు, అంటే రూపం లేని ఎబ్‌స్ట్రాక్ట్ బొమ్మలు, వేస్తున్నాను. ఈమధ్య ఒక వర్క్‌షాపులో కూర్చున్నాను. నేర్పినాయన పదే పదే చెప్పిన మాట ఒక్కటే: "ఆలోచించకండి, చేతికి ఏది తోస్తే అది పెట్టేయండి. స్ఫురణ అంటే అదే." అందరం కాన్వాసుల మీద కాన్వాసులు నింపాం. ఇంటికొచ్చి గోడకి ఆనించి చూస్తే ఒక్కదాని ముందూ నిలబడాలనిపించలేదు.

మన దేశపు చిత్రకారుడు వాసుదేవ్ సంతు గైతోండే కూడా ముందు స్కెచ్ వేసుకోకుండా, స్ఫురణతోనే పనిచేసేవారని చదివాను. అయితే ఆయన ఏడాదికి ఐదారు బొమ్మలకు మించి పూర్తి చేసేవారు కాదట. తోచిందల్లా పెట్టేసే మనిషైతే గదినిండా బొమ్మలు ఉండాలి కదా! మరి ఆ ఏడాదంతా ఏం చేసేవారు? ఆయన సంగతి తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి. పొగడ్తలు వద్దు, పని ఎలా చేసేవారో కావాలి.

గిర్గావ్_పాతకాపు (ముంబై)

మాది కామాఠీపురాలో స్థిరపడిన తెలుగు కుటుంబం. గైతోండే పెరిగిన గిర్గావ్ మాకు నడిచి వెళ్ళే దూరమే, కాబట్టి జీవితం వరకు నేను చెప్తాను. రంగుల సంగతి తెలిసినవాళ్ళు తర్వాత అందుకోండి.

పుట్టింది 1924లో, నాగ్‌పూర్‌లో. మూలాలు గోవావి. పెరిగింది గిర్గావ్ చాల్‌లో. చాల్ అంటే తెలియనివాళ్ళ కోసం: పొడుగాటి వరండా, దాని వెంట వరసగా ఒంటిగది కాపురాలు, అందరి మాటా అందరికీ వినపడుతుంది. నిశ్శబ్దం దొరకని అలాంటి చోటి నుంచి వచ్చిన మనిషి జీవితమంతా నిశ్శబ్దాన్నే పట్టుకుని కూర్చున్నాడు. కొడుకు బొమ్మలేసుకుంటూ బతకడం తండ్రికి ఇష్టం లేదు. అయినా బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరి 1948లో డిప్లొమా తీసుకున్నాడు. సూజా, రజా, హుస్సేన్ అనే చిత్రకారులు 1947లో పెట్టుకున్న ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ 1950లో ఈయన్నీ పిలిచింది. వెళ్ళాడు గానీ ఏ గుంపులోనూ పూర్తిగా కలిసిన మనిషి కాదు.

అసలు మలుపు వార్డెన్ రోడ్డులో సముద్రానికి ఎదురుగా ఉండిన భూలాభాయ్ దేశాయ్ ఇన్‌స్టిట్యూట్. అక్కడ చిత్రకారులకు స్టూడియోలు ఇచ్చేవారు. ఒక గదిలో రవిశంకర్ సితార్, ఇంకో పక్క అల్కాజీ నాటకాలు, ఇంకో పక్క హుస్సేన్. వీళ్ళందరి మధ్య గైతోండే గంటల తరబడి సముద్రం వైపు చూస్తూ కూర్చునేవాడట. ఆయనకంటే వయసులో బాగా చిన్నదైన నస్రీన్ మొహమ్మదీ స్టూడియో కూడా అక్కడే. సన్నని గీతలతోనే ఒక ప్రపంచాన్ని కట్టిన ఆమెకు దారి చూపినవాళ్ళలో ఈయన ఒకడు.

1964లో రాక్‌ఫెల్లర్ ఫండ్ ఫెలోషిప్ మీద న్యూయార్క్ వెళ్ళాడు. 1971లో పద్మశ్రీ. 1972లో ఢిల్లీ చేరి నిజాముద్దీన్ ఈస్ట్‌లో ఒక బర్సాతీలో, అంటే మేడమీది చిన్న వాటాలో, ఒంటరిగా ఉన్నాడు. పెళ్ళి చేసుకోలేదు. 2001లో పోయాడు. మిగతాది మీరందుకోండి.

ముద్రణశాల (విశాఖపట్నం)

పని గురించి నేను చెప్తాను. నాది ప్రింట్‌మేకింగ్, అంటే రంగు పూసి కాగితం మీద అచ్చొత్తే పని, అందుకే గైతోండే నాకు దగ్గరివాడనిపిస్తాడు. ఆయన కుంచె కంటే రోలర్‌నీ పాలెట్ నైఫ్‌నీ (రంగు కలిపే, గీకే చప్పటి కత్తి) ఎక్కువగా నమ్ముకున్నాడు.

దాదాపుగా జరిగేది ఇది. పలచబరిచిన ఆయిల్ రంగును కాన్వాసు మీద రోలర్‌తో పరిచేవాడు. దాని మీద ఇంకో పొర, ఇంకో పొర. మధ్యలో నైఫ్‌తో గీకి కొంత తీసేసేవాడు. కాగితం ముక్కలు చింపి, వాటికి రంగు అంటించి, కాన్వాసు మీద పెట్టి రోలర్‌తో ఒత్తి, కాగితం లాగేసేవాడు. మిగిలే గుర్తులు ఏదో మర్చిపోయిన లిపిలో అక్షరాల్లా కనపడతాయి. చదవబోతే ఏ భాషా కాదు. కొన్నిచోట్ల పై పొర తీసేస్తే అడుగున ఎప్పుడో వేసిన రంగు బయటపడుతుంది. ఆయన బొమ్మల్లో వెలుగు లోపలి నుంచి వస్తున్నట్టు ఉంటుందని అందరూ అనేది అందుకే. తెల్లరంగు పైన పూసి తెచ్చిన వెలుగు కాదు అది, పలచని పొరల్లోంచి కిందిది తొంగిచూడడం వల్ల వచ్చింది.

ఇందులో తూర్పుకిటికీ గారు గమనించాల్సిన సంగతి ఒకటుంది. కాగితం కింద ఏం మిగులుతుందో లాగేవరకు ఆయనకూ తెలియదు. అక్కడ అదృష్టానికి చోటుంది. కానీ ఏ కాగితం, ఎక్కడ పెట్టాలి, ఎంత తడి ఉన్నప్పుడు ఒత్తాలి, ఎప్పుడు ఆపాలి, ఇవి అదృష్టం కాదు. వందలసార్లు చేసిన చేతికి తెలిసే సంగతులు. చేతికి అంత తెలిశాకే తలతో ఆలోచించే అవసరం తగ్గుతుంది. మీ వర్క్‌షాపు ఆయన "ఆలోచించకండి" అని మొదట్లోనే చెప్పేశారు. గైతోండే దగ్గర అది చివర్లో వచ్చింది.

ఇంకోటి. ఏడాదికి ఐదారే అంటే మిగతా రోజులు ఖాళీ అని కాదు. బొమ్మ గురించి అనుకోవడం, కూర్చోవడం, ఎదురుచూడడం, వీటన్నిటినీ ఆయన పనిలో భాగంగానే లెక్కేసుకున్నాడు. కుంచెలోనూ కాన్వాసులోనూ నైఫ్‌లోనూ ఉన్న నిశ్శబ్దం నుంచే అంతా మొదలవుతుందని 1991లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు కూడా.

సందేహం_నాది (గుంటూరు)

అందరూ తెలిసినవాళ్ళలా ఉన్నారు, అందుకని నిజాయితీగానే అడుగుతున్నాను. నేను చిత్రకారుణ్ణి కాదు, బ్యాంకులో చేసి రిటైరయ్యాను. బాపు గారి గీత చూస్తే ఎందుకు గొప్పదో నాకు తెలుస్తుంది. ఒక్క గీతతో జడ వాలిపోతుంది, నడుం తిరిగిపోతుంది. దామెర్ల రామారావు బొమ్మ చూసినా తెలుస్తుంది. ఇక్కడ రూపమే లేదు. ఒక పసుప్పచ్చ పలక, దాని మీద మరకలు. ఇది బాగుంది, అది బాగాలేదు అని దేన్ని పట్టుకుని అంటారు? 2013 డిసెంబరులో ముంబైలో క్రిస్టీస్ వేలంలో ఆయన 1979 బొమ్మ ఒకటి 23.7 కోట్లకు పోయింది, 2021లో ఇంకొకటి 39.98 కోట్లకు పోయింది అని పేపర్లో చదివాను. అంత డబ్బు పెట్టారు కాబట్టి గొప్పది అనుకోవాలా? కొలత ఏమిటో చెప్పండి, నేర్చుకుంటాను.

వరంగల్_కుంచె

సందేహం గారూ, మంచి ప్రశ్న అడిగిన్రు. ముందు డబ్బు ముచ్చట పక్కకు పెడదాం. ఆయన పోయినంక పన్నెండేండ్లకు ఒకటి, ఇరవై ఏండ్లకు ఇంకోటి వచ్చిన ధరలు అవి. ఆయన ఉన్నది ఇరుకు వాటాల, బతికింది సాదాగ.

నేను బడిల డ్రాయింగ్ సారుగ చేసిన. పిల్లలకు చెప్పే పద్ధతిలనే చెప్త. గైతోండే రూపం రాక వదిలినోడు కాదు. జేజేల చదివేటప్పుడు మన పాత మీనియేచర్లు (చిన్న సైజు బొమ్మలు), జైన పుస్తకాల బొమ్మలు, కొండప్రాంతపు బసోలీ బొమ్మలు మస్తు చూసిండు, అట్లనే వేసిండు. 1950ల మొదట్ల వేసిన బొమ్మలల్ల మనుషులున్నరు, పక్షులున్నయ్. యూరప్ చిత్రకారుడు పాల్ క్లీ ప్రభావం కూడ కనపడ్తది. మీనియేచర్ల నుంచి బొమ్మల్ని తీసేసి, ఒట్టి రంగుల కొలతలు ఎట్లున్నయో చూసుడు మొదలుపెట్టినట్టు తనే చెప్పుకున్నడు. 1950ల ఆఖరికి రూపం పూర్తిగ పోయింది.

ఇప్పుడు మీరు ఒక పని చేసి చూడున్రి. బసోలీ బొమ్మ ఒకటి ఫోన్‌ల తెరిచి తలకిందులు చేయున్రి. రాధ, కృష్ణుడు కనపడరు. ఎర్రటి పెద్ద ముక్క, దాని పక్కన సన్నని పసుపు పట్టీ, మధ్యల నల్లటి చీలిక. ఈ ముక్కలు ఒకదాన్ని ఒకటి ఎట్ల ఆపుతున్నయో అప్పుడు కనపడ్తది. బాపు బొమ్మల కూడ ఆ బలం ఉన్నది, జడ కింద దాక్కొని ఉన్నది. మీకు నచ్చింది సగం అదే. గైతోండే దాన్ని బయట పెట్టిండు.

ఇంకో ముచ్చట. ఆయనకు తన బొమ్మల్ని ఎబ్‌స్ట్రాక్ట్ అనుడు నచ్చకపోయేది. నాన్ ఆబ్జెక్టివ్, అంటే ఏ వస్తువునూ చూపెట్టనిది, అనేటోడు. చెట్టును చూసి దాన్ని తగ్గించుకుంట పోతే ఎబ్‌స్ట్రాక్ట్. ఈయన చెట్టుతోని మొదలుపెట్టలేదు, రంగుతోని మొదలుపెట్టిండు. కాబట్టి "ఇది ఏంది" అని బొమ్మను అడిగితే జవాబు దొరకదు.

హడ్సన్_ఒడ్డు (న్యూజెర్సీ)

2014 అక్టోబరు నుంచి 2015 ఫిబ్రవరి వరకు న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో గైతోండే ప్రదర్శన పెట్టారు. మేము ఇంటిల్లిపాదీ వెళ్ళాం. నలభైకి పైగా కాన్వాసులు, కాగితం మీది బొమ్మలు. భారతీయ చిత్రకారుడికి ఆ మ్యూజియంలో అంత పెద్ద గౌరవం దక్కడం చూసి కళ్ళు చెమర్చాయి.

అక్కడ నాకు అర్థమైనది రాస్తాను. ఫోన్‌లో చూసిన గైతోండే, గోడ మీద చూసిన గైతోండే ఒకరు కాదు. పుస్తకంలో ఒకటే బూడిదరంగు అనిపించింది దగ్గరికి వెళ్తే ఆకుపచ్చ, నీలం, ఇటుక రంగు అన్నీ పొరలుగా ఉంది. ఫొటోకి ఆ లోతు అందదు. నిలువు కాన్వాసులు ఎక్కువ. 1960ల మధ్య వరకు అడ్డంగా వేసేవాడట, అందులో సముద్రమో క్షితిజమో అనిపించే అడ్డగీత ఉండేది. 1968 నుంచి నిలువుగా వేయడం మొదలుపెట్టాడు. అలా చేయగానే ప్రకృతి దృశ్యం అని తప్పించుకునే వీలు చూసేవాడికి పోయింది. బొమ్మ మనిషి ఎత్తున, మనిషికి ఎదురుగా నిలబడుతుంది.

బొమ్మలకి పేర్లు లేవు. పేరు చదివి "ఓహో ఇదా" అని ముందుకు సాగిపోదాం అనుకుంటే కుదరదు.

న్యూయార్క్ గురించి ఒకటి చెప్పాలి. పెద్ద పెద్ద రంగు పలకలు వేసిన అమెరికన్ చిత్రకారుడు మార్క్ రోత్కోతో పోల్చి ఇక్కడ చాలామంది ఆయన్ని "ఇండియా రోత్కో" అంటారు. నాకు ఆ మాట నచ్చదు. రోత్కోని చూడకముందే ఈయన తన దారిలో ఉన్నాడు. 1963లో మోరిస్ గ్రేవ్స్ అనే అమెరికన్ చిత్రకారుడు బొంబాయిలో ఈయన స్టూడియోకి వచ్చి, చూసి పొంగిపోయి న్యూయార్క్ విల్లర్డ్ గ్యాలరీకి ఉత్తరం రాశాడు. వెలుగు నిండిన మనోభూముల్లా ఉన్నాయి ఈ బొమ్మలు అన్న అర్థంలో. అప్పటికి గైతోండే అమెరికా గడ్డ మీద అడుగు పెట్టలేదు.

సందేహం_నాది

వరంగల్ సారు చెప్పినట్టు బొమ్మ తలకిందులు చేసి చూశాను. మా మనవరాలు కూడా పక్కన కూర్చుంది. ముక్కలు కనపడ్డాయి, ఒప్పుకుంటున్నాను. ఎర్ర ముక్క మీద వేలు పెట్టి కప్పితే మిగతాదంతా ఒక పక్కకి ఒరిగిపోయినట్టు అనిపించింది. కానీ నా ప్రశ్న సగమే తీరింది. బసోలీ చిత్రకారుడికి పైన రాధాకృష్ణుల కథ ఉంది, ఆ కథే అతన్ని నడిపిస్తుంది. గైతోండేని ఏది నడిపించింది? లోపల ఏమీ లేకుండా రంగు ఎవరికైనా ఎటు వెళ్ళాలో ఎలా చెప్తుంది?

మదనపల్లె_గాలి

ఈ ప్రశ్నకు మా ఊరికి కొంచెం సంబంధం ఉంది, అందుకే రాస్తున్నా. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టినారు. గైతోండే శ్రద్ధగా చదివినవాళ్ళలో ఆయన ఒకరు. రమణ మహర్షి ఇంకొకరు. బొంబాయిలో బీడీల అంగడి నడిపిన నిసర్గదత్త మహారాజ్ దగ్గరికి కూడా వెళ్ళేవాడు. 1950ల చివరి నుంచి జెన్ బౌద్ధం మీద చదువు ఎక్కువైంది.

ఇది చెప్పగానే చాలామంది "ఓహో, ధ్యానం చేసి ఆ ధ్యానాన్ని బొమ్మ గీసినాడు" అనుకుంటారు. నాకు అట్లా అనిపించదు. బొమ్మల్లో ఓంకారం లేదు, బిందువు లేదు, మండలం లేదు. రజా బిందువు వేసినాడు, అది వేరే దారి, దాని గొప్పదనం దానిది. గైతోండే ఏ గుర్తూ పెట్టుకోలేదు. కృష్ణమూర్తి చెప్పిందాంట్లో ముఖ్యమైనది చూడటం. పేరు పెట్టకుండా, ఇది మంచి అది చెడ్డ అని ముందే తీర్పు చెప్పకుండా, ఎదురుగా ఉన్నదాన్ని చూడటం. తడి కాన్వాసు ముందు ఒక మనిషి అట్లా కూర్చుంటే ఏం జరుగుతుందో ఊహించండి. తనకు కావలసింది రంగు మీద రుద్దడు. రంగు ఏం చేస్తా ఉందో చూస్తాడు. ఒక మూల ఆరిపోతా ముదురుతుంది. దానికి బదులుగా ఇంకో మూల ఒకటి చేస్తాడు. మళ్ళీ చూస్తాడు. మీరు అడిగిన "నడిపించేది" ఇదే అనుకుంటా నేను. లోపల ముందుగానే ఒక కథ ఉండటం కాదు, ఎదురుగా ఉన్నదాన్ని అంత ఓపికగా చూడగలగడం.

కల్యాణి_రాగం (రాజమహేంద్రవరం)

నేను పాడతాను, బొమ్మలు రావు. గైతోండేకి సంగీతం అంటే ప్రాణమని, హిందుస్తానీ, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం రెండూ వినేవారని చదివాక ఇక్కడికి వచ్చాను.

సందేహం గారూ, రాగాలాపనకి సాహిత్యం లేదు, కథ లేదు. అయినా పాడేవాళ్ళు ఎటు పడితే అటు పోరు. కల్యాణి పాడుతూ ఆ రాగానికి చెందని శుద్ధమధ్యమం తగిలితే ముందు వరసలో కూర్చున్న మీలాంటి రసికులే ముఖం చిట్లిస్తారు. ఆ క్షణంలో ఏ సంగతి వస్తుందో మాకు ముందు తెలియదు, కానీ రాకూడనిది ఏమిటో తెలుసు. మనోధర్మం అంటే అదే కదా. ఎన్నో ఏళ్ళు వర్ణాలు, కృతులు పాడి పాడి గొంతులో రాగం స్థిరపడ్డాకే మనోధర్మం మీద చెయ్యి వేయనిస్తారు మా గురువులు. వాసుదేవ్ గారి ఐదారు బొమ్మల లెక్క నాకేమీ వింతగా లేదు. అనుకున్నచోట రాగం పలకని రోజున తంబురా శ్రుతి చేసుకుని, కాసేపు విని, కచేరీ పెట్టకుండా లేచిపోవడం మాకూ అలవాటే.

తూర్పుకిటికీ

ఇంత వస్తుందనుకోలేదు. ముద్రణశాల గారు చెప్పిన "తీసేయడం" నన్ను పట్టుకుంది. నేను ఎప్పుడూ కలుపుతూనే పోయాను, గీకి తీసింది లేదు. ఒకటి అడగాలి. 1980లలో ఆయన పెద్ద కాన్వాసులు ఆపేసి కాగితం మీద ఇంకు బొమ్మలు వేశారని విన్నాను. దారి మార్చుకున్నారా, ఇంకేమైనా జరిగిందా?

గిర్గావ్_పాతకాపు

జరిగింది. 1984లో ఢిల్లీలో ఆటో ప్రమాదం. దెబ్బలు బలంగా తగిలాయి. పెద్ద కాన్వాసు ముందు నిలబడి రోలర్ లాగడానికి ఒళ్ళు సహకరించలేదు కొన్నేళ్ళు. అప్పుడు కాగితం, నల్ల ఇంకు తీసుకున్నాడు. చిన్న చిన్న గీతలు, చుక్కలు, ఏ లిపికీ చెందని రాత. నాకు ఆ ఇంకు బొమ్మలంటే మరీ ఇష్టం. రంగు పోయింది, పొరలు పోయాయి, రోలర్ పోయింది. అయినా చూడగానే ఆయనే అని తెలుస్తుంది. పనిముట్టు మారినా మనిషి మారలేదంటే స్ఫురణ రోలర్‌లో లేదన్నమాట. తర్వాత మళ్ళీ కాన్వాసు మీదికి వచ్చాడు గానీ తక్కువ.

చివరి ఏళ్ళలో దాదాపు ఏమీ వేయలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి, మనసులో వేస్తూనే ఉన్నాను, కాన్వాసు మీద పెట్టే శక్తి ఇప్పుడు లేదు అన్నట్టు చెప్పేవాడు. ఈ మాట విని కొందరు పెద్ద వేదాంతం అంటారు. నాకు బాధే అనిపిస్తుంది. ఒంటరి మనిషి, దెబ్బతిన్న ఒళ్ళు, సంపాదన అంతంతమాత్రం. ఆయన పనికి విలువ కట్టినవాళ్ళు ఆయన బతికుండగా కొద్దిమందే. ఆ లోటుని వేదాంతం అని అందంగా చుట్టేయడం నాకు ఇష్టం లేదు.

మదనపల్లె_గాలి

పాతకాపు గారూ, బాధ నిజమే. అయితే ఆయన ఫిర్యాదు చేసినట్టు ఎక్కడా కనపడదు. మౌనంగా ఉండటం ఆయన ఎంచుకున్నదే అని నా నమ్మకం. ఇద్దరం చెరో పక్క నిలబడినాం, ఉండనీండి.

వరంగల్_కుంచె

తూర్పుకిటికీ గారూ, ఢిల్లీ పోతే నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌ల అడుగున్రి, వాళ్ళ సేకరణల గైతోండే ఉన్నడు. కిరణ్ నాడార్ మ్యూజియం వాళ్ళ దగ్గర కూడ ఉన్నయ్. ముంబైల హోమీ భాభా కాలంల టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ కొన్న బొమ్మలల్ల ఈయనవి ఉన్నయ్. సైంటిస్టులు రోజూ పోయే దారిల గోడకు బొమ్మలుండుడు, ఎంత మంచి ఆలోచన! అన్నీ ఎప్పుడూ గోడ మీద ఉండవు, ముందే కనుక్కొని పోవాలె.

మన దగ్గర చూడాలంటే, మధిరల పుట్టిన సూర్యప్రకాశ్ గారి బొమ్మలు చూడున్రి. చెరువు నీళ్ళు, ఆకులు, నీడలు వేసిండు. రూపం ఉన్నది, కానీ కాసేపు చూస్తే నీళ్ళు పోయి ఒట్టి రంగు మిగుల్తది. రూపం నుంచి రంగుకు పోయే తొవ్వ అండ్ల మంచిగ కనపడ్తది.

సందేహం_నాది

ముంబైలో మా అబ్బాయి ఉన్నాడు. వచ్చే నెల వెళ్తున్నాను, చూసి వచ్చి రాస్తాను. ధర గురించి నా అభిప్రాయం మారలేదు, ఆ డబ్బుకీ బొమ్మకీ సంబంధం లేదనే అనుకుంటున్నాను. బొమ్మ గురించి మాత్రం ఇంకా చూడాలి.

తూర్పుకిటికీ

నిన్న ఒక పాత కాన్వాసు తీసి గీకబోయాను. అక్రిలిక్ కదా, ఎప్పుడో బిగిసిపోయింది, నైఫ్‌కి రాలేదు. ఆయిల్‌కి మారాలా? ముద్రణశాల గారూ, ఎలా మొదలుపెట్టమంటారు?

ముద్రణశాల

అక్రిలిక్‌తోనూ చేయొచ్చు. రిటార్డర్ మీడియం కలిపితే ఆరడం కాస్త ఆలస్యమవుతుంది. చిన్న భాగం పరిచి, వెంటనే కాగితం ఒత్తి లాగండి. మన ఎండాకాలంలో ఫ్యాన్ కింద అయితే ఆ కాస్త సమయం కూడా దొరకదు, పొద్దున్నే చేసుకోండి.

ఆయిల్‌కి మారితే మూడు సంగతులు మర్చిపోవద్దు. అడుగు పొరల్లో నూనె తక్కువ, పైకి వచ్చేకొద్దీ ఎక్కువ ఉండాలి. తిరగేస్తే పై పొర ముందు ఆరి తర్వాత పగుళ్ళిస్తుంది. రెండోది, పలచగా కావాలని టర్పెంటైన్ విపరీతంగా పోయకండి. రంగుని పట్టి ఉంచే నూనె పలచబడిపోయి, ఆరాక పొడిపొడిగా రాలుతుంది. టర్పెంటైన్ వాడినంతసేపూ కిటికీలు తెరిచి పెట్టండి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. లిన్సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విడివిడిగా బయట ఆరేయండి, లేదా నీళ్ళు పోసి మూతున్న ఇనప డబ్బాలో పెట్టండి.

ఖరీదైన రోలర్ కొనక్కర్లేదు. ప్రింటింగ్ సామాన్లు అమ్మే చోట రబ్బరు రోలర్లు దొరుకుతాయి, చిన్న సైజు చాలు. చింపే కాగితం నునుపుది ఒకటి, గరుకుది ఒకటి పెట్టుకుని తేడా చూడండి. మొదట ఒకే రంగుతో చేయండి. ఫొటోలు ఇక్కడ పెట్టండి, పక్కనుంచి వెలుతురు పడేలా తీస్తే పొరలు కనపడతాయి.